పళ్ళాల లెక్క

మధ్యాహ్నం మూడున్నరకు ఆఫీసు క్యాంటీను వంటగది వెనక తొట్టి దగ్గర పళ్ళాలు కడగడం అయిపోతుంది. అప్పుడు వంటమనిషి పెద్దక్క చెయ్యి తుడుచుకుని, ఆ రోజు ఎన్నయ్యాయో కనుక్కుని, తలుపు వెనక గోడ మీద సుద్దముక్కతో అంకె రాస్తుంది. పదహారేళ్ళుగా ఇదే తంతు. పైన పదకొండు అంతస్తుల్లో కంప్యూటర్ల ముందు కూర్చోవడానికి ఎంతమంది వచ్చారో గుమ్మం దగ్గరి కార్డు మిషను చెబుతూనే ఉంటుంది, ఆ కాగితం పొద్దున్నే వంటగదికి వస్తూనే ఉంటుంది. ఆమె దానివైపు కన్నెత్తి చూడదు. "కార్డు గీకినవాళ్ళంతా తింటారా ఏంటి? పళ్ళెం ఎంగిలైతేనే మనిషి ఉన్నట్టు" అంటుంది. ఆ మాటకు ఎదురు చెప్పినవాళ్ళు ఆ వంటగదిలో ఎక్కువ రోజులు నిలవలేదు.

ఆ పదహారేళ్ళలో ఆమె పనివేళల్లో ఒక్కసారి కూడా కూర్చోలేదు. కూర్చోవడానికి అక్కడ ఏముంది గనక? క్యాంటీను నడిపే కాంట్రాక్టరు వంటగదిలో ఒక్క పీటైనా వేయించలేదు. కూర్చుంటే మనిషి బద్ధకిస్తాడని వాడి సిద్ధాంతం. వాడు మాత్రం తిరిగే కుర్చీలో కూర్చుని ఆ సిద్ధాంతం కనిపెట్టాడు. సాయంత్రానికి పెద్దక్క పిక్కలు రాళ్ళయిపోతాయి. ఇల్లు చేరగానే ఆమె మొగుడు బకెట్టులో వేడినీళ్ళు పెడతాడు. ఆయన ఇళ్ళకు రంగులు వేసే మనిషి, వీధిలో అందరూ రంగుల మేస్త్రి అంటారు. ఆ వేడినీళ్ళ వల్లే తమ కాపురం నిలిచిందని పెద్దక్క పదిమందిలో చెబుతుంది, ఆయన ఎదురుగానే.

అందుకే రోడ్డవతల బాబాయి భోజనాల కొట్టులో ఉన్న ఎత్తుపీట అంటే ఆమెకు ప్రాణం. కొట్టు పెద్దదేం కాదు. ఏడు బల్లలు, రెండు పొయ్యిలు, గల్లా పక్కన కిటికీ, ఆ కిటికీ దగ్గర పీట. దాని మీద కూర్చుంటే పొయ్యీ కనిపిస్తుంది, వీధీ కనిపిస్తుంది, గల్లా చేతికందుతుంది. బాబాయంటే సొంత బాబాయి కాదు. డెబ్బై దాటిన మనిషి, భార్య పోయింది, మోకాళ్ళు అరిగిపోయాయి. తన తర్వాత ఆ పొయ్యి ముట్టించేవాళ్ళు లేరు. ఒకరోజు పని ముగించుకుని వెళ్తూ టీకి ఆగిన పెద్దక్కతో ఆయనే అన్నాడు.

"మూడేళ్ళు చూస్తానమ్మా. ఆరు లక్షలు తెచ్చుకో, కొట్టు నీదే. గరిటె పట్టడం తెలిసినవాళ్ళకే ఇస్తాను. ఎవడికి పడితే వాడికి ఇస్తే నా ప్రాణం ఒప్పుకోదు."

"కాగితం రాసుకుందామా బాబాయ్?"

"నా నోటికంటే కాగితం గట్టిదా?" అని ఆయన ఆమె చేతిలో చెయ్యి వేశాడు.

ఆ రాత్రి పెద్దక్కకు నిద్రపట్టలేదు. బ్యాంకులో రెండు లక్షల ఎనభై వేలు ఉంది. నెలనెలా కడుపు మాడ్చుకుని ఆరు వేలు వేసినా, మూడేళ్ళకు వడ్డీతో కలిపి ఐదు దాటి ఆగిపోతుంది. ఎటు తిప్పినా ముప్పాతిక లక్ష తక్కువ. అప్పు ఆమెకు గిట్టదు.

ఇక్కడే రెండోకప్పు వచ్చింది కథలోకి. రెండోకప్పంటే ఆరో అంతస్తులో ప్రోగ్రాములు రాసే అమ్మాయి. నాలుగింటికి టీ తాగి పైకి వెళ్ళేది, ఐదు నిమిషాల్లో మళ్ళీ దిగి "అక్కా, ఇంకోటి" అనేది. పెన్ను మూత కొరికే అలవాటు, ఎప్పుడు చూసినా కళ్ళ కింద నలుపు. వంటగదిలో ఆమెకు ఆ పేరే స్థిరపడిపోయింది. కప్పు కడుక్కోకుండా వెళ్ళనిది ఆ పదకొండు అంతస్తుల్లో ఆ పిల్ల ఒక్కతే. అందుకని పెద్దక్కకు ఆమె మీద గురి.

"బ్యాంకులో వేస్తే ఎదుగూ లేదు బొదుగూ లేదు తల్లీ. మీరంతా ఏదో ఫండు ఫండు అంటుంటారే, ఏంటది?"

"కంప్యూటర్ల పని చేసే పెద్ద పెద్ద కంపెనీల జాబితా ఒకటి ఉంటుందక్కా. ఫండువాళ్ళు ఆ జాబితా చూసి అన్నిట్లోనూ వాటాలు కొంటారు. పెద్దదాంట్లో ఎక్కువ, చిన్నదాంట్లో తక్కువ. అంతే. ఏది మంచిది, ఏది చెడ్డది అని వెతికే పెద్ద జీతగాళ్ళు అక్కర్లేదు కదా, అందుకే ఖర్చు తక్కువ. ఏడాదికి వెయ్యికి రెండు తీసుకుంటారు."

"వెయ్యికి రెండేనా?" కూరగాయలవాణ్ణి కొత్తిమీర కట్ట కోసం కంటతడి పెట్టించే పెద్దక్కకు ఆ మాట చెవిలో తేనె పోసినట్టయింది. "అంటే ఒక్క కూర కొనుక్కోవడం కాదు, నిండు పళ్ళెం అన్నమాట. ఒకదాంట్లో ఉప్పెక్కువైనా ఇంకోటి ఉంటుంది."

"నిండు పళ్ళెమే. కానీ అన్నీ ఒక్క పొయ్యి మీద వండినవేనక్కా. ఆ పొయ్యి ఆరితే అన్నీ పచ్చిగానే ఉంటాయి. ఖర్చు తక్కువంటే ప్రమాదం తక్కువని కాదు. పదేళ్ళు కదపకుండా ఉండగలిగితేనే దిగండి. మూడేళ్ళలో కావాల్సిన డబ్బయితే వద్దు."

ఆ పిల్ల చెప్పాల్సింది చెప్పింది, అందులో ఆమెను అనడానికేమీ లేదు. వినాల్సిన మనిషి చెవి వెయ్యికి రెండు దగ్గరే ఆగిపోయింది. పెద్దక్క వెళ్ళి తలుపు వెనక గోడ చూసుకుంది. నిరుడు మూడు వందల తొంభై, ఇప్పుడు నాలుగు వందల ముప్పై. పళ్ళాలు పెరుగుతున్నాయంటే మనుషులు పెరుగుతున్నారు, మనుషులు పెరుగుతున్నారంటే పని పెరుగుతోంది, పని పెరిగితే డబ్బు పెరగక చస్తుందా? అన్నం ఉడికిందో లేదో తెలియడానికి కుండంతా కలియబెట్టక్కర్లేదు, ఒక్క మెతుకు నొక్కి చూస్తే చాలు. ఈ భవనమే తన మెతుకు అనుకుంది. పుట్టినప్పటి నుంచీ వంట తప్ప ఇంకోటి ఎరగని మనిషి ఇంకెలా అనుకుంటుంది చెప్పండి?

ఇంట్లో రంగుల మేస్త్రి ఒంటికాలి మీద లేచాడు.

"నీకేమైనా పిచ్చా? కంటికి కనపడనిదాంట్లో డబ్బు పోస్తావా? రంగు గోడకేస్తారు గానీ గాలికేస్తారుటే?"

"నువ్వు పోయలేదా కుందేళ్ళలో?"

పదేళ్ళ కిందట ఎవడో కుందేళ్ళ పెంపకంలో వాటా అని అరచేతిలో వైకుంఠం చూపిస్తే, మేస్త్రి నలభై వేలు తీసుకెళ్ళి వాడి చేతిలో పోశాడు. కుందేళ్ళూ లేవు, వాడూ లేడు. అప్పటి నుంచి ఏ గొడవలోనైనా పెద్దక్క ఆఖరికి కుందేళ్ళను వదులుతుంది, మేస్త్రి కన్నంలో దూరతాడు.

మర్నాడు రెండోకప్పు చూపించిన ప్రకారం ఫోనులో ఖాతా తెరిచి, ఉన్నదంతా ఒక్కసారే ఫండులో వేసేసింది. కొంచెం కొంచెంగా వేయమని ఆ పిల్ల చిలక్కి చెప్పినట్టు చెప్పింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం పెద్దక్క. మొగుడి కుందేళ్ళకు ఆ మూడూ లేకపోయె.

ఏడాది తిరిగేసరికి రెండు లక్షల ఎనభై వేలు రెండు లక్షల ఇరవై వేలయింది. నెలనెలా అందులోనే వేస్తూ వచ్చిన ఆరేసి వేలూ కరిగాయి. మేస్త్రి ఇల్లెక్కి అరిచాడు. అరవై వేలంటే ఎన్ని గోడలో తెలుసా అన్నాడు, ఎన్ని నిచ్చెనలెక్కాలో తెలుసా అన్నాడు. పెద్దక్కకూ అన్నం సయించలేదు. కానీ బయటపడితే పెద్దక్కెలా అవుతుంది? గోడ మీద ఆ రోజు అంకె ఐదు వందల పది.

"నా పళ్ళాలు అబద్ధం చెప్పవు. ఊరికే అరవకు, నీళ్ళు పెట్టు."

రెండో ఏడు ఆమె మాటే నెగ్గింది. పళ్ళాలు ఆరు వందల నలభైకి చేరాయి, వంటగదిలోకి మూడు కొత్త గుండిగలు వచ్చాయి, ఫోనులో అంకె నాలుగు లక్షలు దాటింది. పెద్దక్క కళ్ళు నెత్తికెక్కాయనే చెప్పాలి. ఉల్లిపాయలు తరిగేవాళ్ళకు కూడా ఇండెక్సు అనే ఆ జాబితా గురించి పాఠాలు చెప్పేది. మేస్త్రి సంగతి చెప్పనే అక్కర్లేదు. గాలికి రంగు వేస్తారా అన్న మనిషి, నిచ్చెన మీద నిలబడి ఒక చేత్తో కుంచె, ఇంకో చేత్తో ఫోను పట్టుకోవడం మొదలుపెట్టాడు. ఒకరి ఇంట్లో హాలు గోడకు పడకగది రంగు వేసి తిట్లు తిని వచ్చాడు. అయినా ఆ పూట నవ్వుతూనే ఉన్నాడు.

ఆ ఏడు చివర్లో ఒక సాయంత్రం బాబాయి టీ ఇస్తూ చెప్పాడు.

"ఫోన్లు బాగుచేసే కుర్రాడొకడు వచ్చాడమ్మా. ఏడున్నర ఇస్తాట్ట, రొక్కం. పొమ్మన్నాను."

"అయ్యో, ఏడున్నరే బాబాయ్!"

"నీకు మాటిచ్చానుగా. ఇంకో ఏడాదేగా, నా మోకాళ్ళు ఆగుతాయిలే. డాక్టరుకి కూడా అదే చెప్పాను, కొట్టు అమ్మాక చేయించుకుంటానని."

పెద్దక్కకు కళ్ళు చెమర్చాయి. ఈ కాలంలో కూడా ఇలాంటి మనిషి ఉన్నాడని ఇంటికి వెళ్ళి మొగుడికి రెండుసార్లు చెప్పింది.

మూడో ఏడు గోడ మీద అంకె తగ్గడం మొదలైంది. ఆరు వందల నలభై కాస్తా ఐదు వందల ఎనభై అయింది. ఎండలు కదా, తిండి తగ్గించారేమో అనుకుంది. ఐదు వందల ఇరవై. వానలు మొదలయ్యాక నాలుగు వందల డెబ్బై. వండిన అన్నం మిగిలిపోతుంటే ప్రాణం ఉసూరుమనేది. ఇంక ఫండు పని అయిపోయిందనుకుంటూ, భయంభయంగా ఫోను తెరిచి చూసింది. తగ్గలేదు! పెరిగింది! మర్నాడు ఇంకా పెరిగింది. పెద్దక్కకు అర్థం కాలేదు. పళ్ళాలు తగ్గుతుంటే డబ్బు పెరగడమేమిటి? పొయ్యి మీంచి కుండ దించేసి అన్నం ఉడికింది అంటే నమ్మేదెట్లా?

ఒక మంగళవారం సాయంత్రం ఆ సందేహం తీరింది. ఆ రోజు ఒక్క పూటలో పంతొమ్మిది వేలు పెరిగింది. సందేహం సంగతి సరే, సంతోషం సంతోషమేగా. రెండోకప్పు ఎప్పుడు దిగుతుందా అని పెద్దక్క గరిటె చేత్తో పట్టుకునే గుమ్మం వైపు చూస్తోంది. ఆ పిల్ల మొదటి కప్పుకే రాలేదు. నాలుగున్నర దాటాక లిఫ్టులోంచి అట్టపెట్టె ఒకటి పట్టుకుని దిగింది. పెట్టెలో ఒక చిన్న మొక్క, ఊలు శాలువా, మూతలు కొరికిన పెన్నులు.

"అమ్మాయ్, చూశావా? ఒక్క రోజులో పంతొమ్మిది వేలు! నీ నోటి చలవే తల్లీ!"

ఆ పిల్ల పెట్టె బల్ల మీద పెట్టింది. "ఎందుకు పెరిగిందో చూశారా అక్కా?"

"ఎందుకైతే నాకెందుకు? పెరిగింది!"

"జాబితాలో ఉన్న మూడు పెద్ద కంపెనీలు పొద్దున్న చెప్పాయి, ముప్పై వేల మందిని తీసేస్తున్నామని. మేం చేసే పని మిషన్లే చేసేస్తాయిట. అంత జీతం మిగులుతుందని తెలియగానే వాటాల ధర పెరిగింది. మాదీ ఆ మూడిట్లో ఒకటి." పెన్ను మూత ఒకటి నోట్లో పెట్టుకుని మళ్ళీ తీసేసింది. "ఆ ముప్పై వేలలో నేనూ ఉన్నాను."

పెద్దక్క చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. నాలుక కరుచుకుందామంటే మాట అప్పుడే బయటికి వచ్చేసింది. ఇంకేం చేయాలో తోచక టీ పోసింది, పక్కనే ఇంకో కప్పు కూడా పోసి పెట్టింది.

"నన్ను క్షమించు తల్లీ. నాకు తెలియదు."

"మీరేం చేశారక్కా? నా దగ్గరా ఉంది అదే ఫండు. నన్ను తీసేస్తే నాకూ లాభమొచ్చింది" అని ఆ పిల్ల నవ్వింది. అట్లాంటి నవ్వు పగవాళ్ళకు కూడా వద్దు. మొదటి కప్పు తాగింది. రెండోది ముట్టుకోలేదు. అలవాటు కొద్దీ ఖాళీ కప్పు కడిగి బోర్లించి, పెట్టె ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు గోడ మీద పెద్దక్క రాసిన అంకె నాలుగు వందల ఐదు.

ఇంటికి వెళ్ళేసరికి మేస్త్రి మిఠాయి తెచ్చి పెట్టాడు.

"పంతొమ్మిది వేలే! నెలంతా గోడలు గీకినా రావు!"

"నోరు ముయ్యి. ఆ పిల్ల ఉద్యోగం పోయింది. అందుకే పెరిగింది."

"అయితే? నువ్వు తీసేశావా ఏంటి? మనం డబ్బు వెనక్కి తీసేసుకుంటే ఆ పిల్లని మళ్ళీ పెట్టుకుంటారా?"

ఎంత ఒళ్ళు మండినా, మొగుడు చెప్పింది నిజమే అనిపించింది. తీసేద్దామా అని ఆ వారమంతా కొట్టుకుంది. ఖాతాలో నాలుగు లక్షల తొంభై వేలుంది. గడువు ఇంకా ఎనిమిది నెలలుంది. ఆరైతే చాలు, ఆరు కాగానే తీసేస్తాను, కొట్టు కొనుక్కుంటాను, ఈ పాపిష్టి ఫోను మళ్ళీ ముట్టుకోను అని తనకు తానే సర్ది చెప్పుకుంది. మిఠాయి తినలేదు. రెండు రోజుల తర్వాత పాడైపోతుందని తినేసింది.

ఆ ఎనిమిది నెలలంత ఏవగింపు నెలలు పెద్దక్క జీవితంలో లేవు. మూడున్నరకు గోడ మీద అంకె తగ్గేది, నాలుగింటికి ఫోనులో అంకె పెరిగేది. మూడు వందల నలభై. రెండు వందల అరవై. ఎవరెవరు రావడం లేదో ఆమెకు తెలుసు. కారం వద్దనే లావుపాటాయన రావడం లేదు. ఒకే పళ్ళెంలో తినే కొత్త జంట రావడం లేదు. వాళ్ళు మానేసిన ప్రతిసారీ తన కొట్టు ఒక అడుగు దగ్గరకు వచ్చేది. మింగలేదు, కక్కలేదు. అయినా ఫోను చూడటం మానలేకపోయింది. మనిషి బతుకు చూడండి, ఎంత నీచంగా ఉంటుందో!

ఆ భవనం మనుషుల మీదే నడిచే బాబాయి కొట్టు సంగతి ఆమెకు తట్టలేదా అని మీరడగొచ్చు. మధ్యాహ్నం భోజనాల వేళ ఆమె ఎప్పుడూ కిటికీ లేని వంటగదిలోనే ఉంటుంది. బాబాయి కొట్టును పొద్దున్న తలుపులు తీయకముందు చూస్తుంది, లేదా సాయంత్రం టీ వేళ చూస్తుంది. ఆమె మనసులో ఆ ఏడు బల్లలూ ఎప్పుడూ నిండుగానే ఉన్నాయి. మరి, పంతొమ్మిదేళ్ళు పళ్ళాలు లెక్కపెట్టిన మనిషి కదా, ఆ మాత్రం ఊహించలేదా అంటే, ఊహించింది. ఊహించి, ఆ ఊహ నెత్తిన మూత పెట్టింది.

పళ్ళాలు నూట నలభైకి దిగిన రోజున కాంట్రాక్టరు దగ్గరి మేనేజరు ఆమెను గదిలోకి పిలిచాడు. ముప్పై దాటని మనిషి, ఇస్త్రీ చొక్కా. ఎదురుగా కుర్చీ ఉంది గానీ కూర్చోమనలేదు.

"రేపటి నుంచి క్యాంటీను మూసేస్తున్నాం. బయటి నుంచి పొట్లాలు తెప్పిస్తారు. మీ వంటకి వంక పెట్టడానికి లేదు. మీ మీద మాకు కోపమూ లేదు. లెక్క కుదరడం లేదు, అంతే."

"పంతొమ్మిదేళ్ళు బాబూ."

"తెలుసు. లెక్క కుదరడం లేదు."

లెక్కట, లెక్క! దారి పొడుగునా పెద్దక్క వాణ్ణి తిట్టుకుంటూనే నడిచింది. పంతొమ్మిదేళ్ళు నిలబడ్డ కాళ్ళకు లెక్క లేదా? మనిషన్నవాడు అనగలిగిన మాటేనా అది? వాడి నోట్లో మన్ను పడ, వాడికి ఎవరైనా అదే మాట చెప్పిన రోజున తెలుస్తుంది! ఆ రోజు గోడ మీద అంకె వేయలేదు. సుద్దముక్క చెత్తబుట్టలో పడేసింది.

గుమ్మంలోనే మేస్త్రి ఫోను పట్టుకుని ఎదురొచ్చాడు.

"ఏమే, ఆరు దాటింది! ఆరు లక్షల పన్నెండు వేలు!"

ఆమె చెప్పులు విప్పుతూ తన ఉద్యోగం పోయిందని చెప్పింది. ఆయన ఒక్క క్షణం ఫోను వైపు, ఒక్క క్షణం ఆమె వైపు చూశాడు. తర్వాత వెళ్ళి నీళ్ళు కాచాడు. ఆ రాత్రే ఇద్దరూ కూర్చుని మొత్తం అమ్మేయమని మీట నొక్కారు. నాలుగో రోజుకు డబ్బు బ్యాంకులో పడింది.

ఐదో రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు పెద్దక్క బాబాయి కొట్టుకు వెళ్ళింది. భోజనాల వేళ ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. ఏడు బల్లల్లో నాలుగు గోడ వారగా ఒకదాని మీద ఒకటి ఎక్కించి ఉన్నాయి. మిగిలిన మూడిట్లో ఒకదాని దగ్గర ఎదుటి భవనం కాపలావాడు తింటున్నాడు. రెండో పొయ్యి ఆరిపోయి ఉంది. కిటికీలోంచి చూస్తే రోడ్డవతల పదకొండు అంతస్తుల అద్దాలూ, వాటి మీద అద్దెకు ఇవ్వబడును అనే గుడ్డా కనిపిస్తున్నాయి.

బాబాయి ఆమెను చూసి గల్లా పట్టుకుని లేచాడు. మొహం చాటంత అయింది.

"వచ్చావా! గడువుకి ఇంకా పది రోజులుండగానే వచ్చావు. నాకు తెలుసు నువ్వు వస్తావని. చూడు, పీటకి కొత్త గుడ్డ కుట్టించాను. కూర్చో, కూర్చుని చూడు."

పీట మీద నీలం గుడ్డ, కొత్తగా, నలగకుండా ఉంది. ఆమె దాని మీద కూర్చోలేదు. తినడానికి వచ్చినవాళ్ళు కూర్చునే బల్ల దగ్గర కూర్చుంది.

"బాబాయ్, రోజుకి ఎన్ని పళ్ళాలు లేస్తున్నాయి?"

ఒక్క అబద్ధం చెప్పినా సరిపోయేది. నలభై అన్నా, ముప్పై అన్నా ఆమె నమ్మి ఉండేదేమో, నమ్మాలనే వచ్చింది. బాబాయి అబద్ధం ఆడే మనిషి కాదు.

"నిన్న పదకొండమ్మా."

ఆయన పళ్ళెం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. అన్నం, పప్పు, ఒక కూర. ఒక్కో అడుగుకూ బల్ల పట్టుకుంటూ, మోకాలు మడవకుండా ఈడుస్తూ వచ్చాడు. ఆమె కూర్చుని ఉంది, ఆయన నిలబడి ఉన్నాడు. పదకొండు పళ్ళాలతో రెండు పొయ్యిలు నడవవు, ఒక్కటీ నడవదు. అద్దె, గ్యాసు, బియ్యం. ఆ గుణకారం ఆమె కావాలని చేయలేదు, అదే జరిగిపోయింది. పంతొమ్మిదేళ్ళ అలవాటు.

"ఆ ఫోన్ల అబ్బాయి మళ్ళీ వచ్చాడా?"

"వాడెందుకొస్తాడు? ఆ నెలే పక్కవీధిలో పెట్టేసుకున్నాడుగా." బాబాయి గొంతు కొంచెం తగ్గింది. "ఎందుకమ్మా?"

ఆయన్ను చూస్తూ చెప్పలేక పళ్ళెంలోకి చూస్తూ చెప్పింది.

"నేను కొనలేను బాబాయ్. నీ మీద కోపం కాదు. నీ కొట్టుకి వంక పెట్టడానికీ లేదు. లెక్క కుదరడం లేదు, అంతే."

ఆ మాట నోరు దాటాక ఆమెకు వినిపించింది. ఇస్త్రీ చొక్కా మేనేజరు అన్న మాట, ఒక్క అక్షరం కూడా మారకుండా, తన గొంతులో. వెనక్కి తీసుకుందామనుకుంది. నోరు తెరిచింది కూడా. ఆరు లక్షల పన్నెండు వేలు గుర్తొచ్చాయి, మేస్త్రి నిచ్చెన గుర్తొచ్చింది, తనకిక జీతం లేదని గుర్తొచ్చింది. నోరు మూసుకుంది.

బాబాయి తిట్టినా బాగుండేది. మాట అనుకున్నాం కదమ్మా అన్నా బాగుండేది. ఆయన కిటికీలోంచి ఎదుటి భవనం వైపు చూసి, పీట మీది నీలం గుడ్డ అంచు సర్దాడు.

"తినమ్మా. చల్లారిపోతుంది."

తిన్నది. ఏం తిన్నదో ఆమెకు తెలియదు. కాపలావాడు డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు. ఫోను మోగింది, మేస్త్రి. ఎత్తలేదు. తినడం అయ్యాక అలవాటు కొద్దీ పళ్ళెం పట్టుకుని వెనక తొట్టి వైపు నడిచి కుళాయి తిప్పబోయింది. బాబాయి కుంటుకుంటూ వెనకే వచ్చి ఆమె చేతిలోంచి పళ్ళెం తీసుకున్నాడు.

"వద్దమ్మా. కొట్టు నీదైతే కడుగుదువు. ఇక్కడ తినడానికి వచ్చినవాళ్ళు పళ్ళెం కడగరు."

ఆయన కుళాయి తిప్పి, తొట్టి అంచుకు నడుము ఆనించి, నెమ్మదిగా దాన్ని కడగడం మొదలుపెట్టాడు. పెద్దక్క చేతులు రెండూ ఖాళీగా పెట్టుకుని ఆ పక్కనే నిలబడింది.